యుద్ధకాలంలో ఒక విద్యార్థి గృహం

రెండవ ప్రపంచయుద్ధం అనగానే తెలుగువారికి మొదట స్ఫురించేది 1942 ఏప్రిల్ 6వ తేదీ. ఆనాడు జపాను విమానాలు విశాఖపట్టణం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయ భవనాలు సైన్యానికి విడిది అయినవి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయినది. యుద్ధం ముగిసిన తరువాత గాని మళ్ళీ సముద్రపు గాలి పీల్చలేదు. అప్పుడు వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఈ మాత్రం చరిత్ర గ్రంథాలలో దొరుకుతుంది. దొరకనిది వేరొకటి ఉన్నది. పరుపు చుట్టి, ట్రంకుపెట్టెకు తాళం వేసి, తిరిగి ఎప్పుడు వస్తామో తెలియక వసతిగృహం మెట్లు దిగిన పిల్లవాడి మనసులో ఏమున్నదో మనకు తెలియదు.

యుద్ధచరిత్ర వ్రాసేవారికి సేనాపతుల పేర్లు కావాలి, ఓడల లెక్కలు కావాలి. వసతి పాఠశాలలోకి యుద్ధం ఆ దారిన రాదు. అది వంటయింటి గుండా వస్తుంది. తపాలా సంచి గుండా వస్తుంది. ఒక్కొక్కప్పుడు నిన్నటిదాకా మంచం ప్రక్కన కూర్చున్న మనిషి ఈ రాత్రి కనపడకపోవడంగా వస్తుంది. ఈ చివరి విధంగా యుద్ధాన్ని ఎరిగిన ఒక విద్యార్థి గృహం ఢిల్లీలో ఉండేది. దాని మీద బాంబు పడలేదు. దానిని ఎవరూ ఖాళీ చేయించలేదు. అయినా దాని కథ తెలుగు రచయితలు తెలుసుకోదగినదని, అందులోనూ అనువాదం చేసేవారు ముఖ్యంగా తెలుసుకోదగినదని నాకు తోచినది. అది జామియా మిల్లియా ఇస్లామియా ప్రాథమిక పాఠశాల విద్యార్థి గృహం.

జామియా పేరు విన్న పాఠకులు నేటి కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని తలచుకుంటారు. నేను చెప్పబోయే జామియా అంతటిది కాదు. సహాయ నిరాకరణోద్యమపు ఉడుకులో, ప్రభుత్వ ధనంతో నడిచే విద్య వద్దన్నవారు 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లో దానిని స్థాపించారు. 1925లో అది ఢిల్లీ వచ్చి కరోల్‌బాగ్‌లో అద్దె ఇళ్ళలో తల దాచుకున్నది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడింది, చందాలు ఆగిపోయినవి, మూసివేయడమే మేలని పెద్దలు అనుకుంటున్న వేళ బెర్లినులో చదువుతున్న ముగ్గురు యువకులు, మేము వచ్చేదాకా ఆగమని కబురు చేసి, 1926లో వచ్చి చేరారు. జాకిర్ హుసేన్, ఆబిద్ హుసేన్, మహమ్మద్ ముజీబ్ అనేవారు ఆ ముగ్గురు. 1928లో అధ్యాపకులు కొందరు ఒక సంఘంగా ఏర్పడి, ఇరవై ఏళ్ళు ఇక్కడే పనిచేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి పుచ్చుకోమని ప్రమాణం చేశారు. ఆ జీతమైనా వేళకు అందేది కాదు.

జాకిర్ హుసేన్‌గారు మనకు పరాయివారు కారు. 1897లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ అక్కడ పేరుపడ్డ న్యాయవాది. తండ్రి చనిపోగా 1907లో కుటుంబం ఉత్తరదేశంలోని ఖాయంగంజ్‌కు వెళ్ళిపోయినది. పిల్లవాడిని ఇటావా పట్టణంలోని ఇస్లామియా హైస్కూలులో వసతి విద్యార్థిగా చేర్చారు. 1911లో ఖాయంగంజ్‌లో ప్లేగు వచ్చి తల్లి మరణించినది. అప్పటికి అతనికి పద్నాలుగేళ్ళు. అదే కాలంలో ఇటలీ తుర్కీ మీద యుద్ధానికి దిగింది. ఈ కుర్రవాడు ఇటావా స్టేషనుకు పోయి, రైలులో వచ్చే ఇంగ్లీషు పత్రిక తెచ్చి, యుద్ధవార్తలను పదిమందికీ చదివి వినిపించేవాడట. టోపీ చేతబట్టి చందాలు పోగు చేసేవాడట. వసతి పాఠశాలలో ఉంటూ దూరదేశపు యుద్ధాన్ని గుండెలకు హత్తుకున్న పిల్లవాడు ఎట్లా ఉంటాడో ఆయనకు స్వానుభవం. ముప్పై ఏళ్ళ తరువాత తన సంరక్షణలోని పిల్లల నడుమకు యుద్ధం వచ్చినప్పుడు ఈ అనుభవం ఆయనకు అక్కరకు వచ్చి ఉంటుందని నేను నమ్ముతున్నాను.

1935 మార్చి 1న జామియాకు సొంత భవనాల శంకుస్థాపన యమునా తీరాన ఓఖ్లా గ్రామం దగ్గర జరిగినది. నాయకులకు, నవాబులకు కొదవ లేని రోజులవి. శంకుస్థాపన చేసినవాడు మాత్రం పాఠశాలలో అందరికంటె చిన్నవాడైన విద్యార్థి, అబ్దుల్ అజీజ్ అనే బాలుడు. మొదట లేచిన కట్టడం కూడా ప్రాథమిక పాఠశాలదే. భవనాలకు రూపకల్పన చేసిన కార్ల్ హైంజ్ ఆస్ట్రియా దేశస్థుడు. ఖర్చుకు నిజాం ప్రభుత్వం కూడా కొంత సాయం చేసినది. నిజాం ఖజానాలోని రూపాయి ఎక్కడినుంచి వచ్చేదో తెలంగాణ రైతును అడిగితే తెలుస్తుంది. ఓఖ్లాలోని ఆ గోడలలో మన వరి, మన జొన్న కొంత కలిసి ఉన్నవని అనుకుంటే అది మరీ అతిశయోక్తి కాదు.

ఆ పాఠశాలలో పిల్లల దినచర్యను అర్థం చేసుకోవాలంటే అతాలీఖ్ అనే మాట తెలియాలి. పూర్వం రాజకుమారులకు వెంట ఉండి విద్యాబుద్ధులు నేర్పే గురువును ఆ పేరుతో పిలిచేవారు. జామియాలో వసతిగృహంలో పిల్లలతో పాటు ఉంటూ వారి నిద్ర, స్నానం, భోజనం, జబ్బు, జగడం అన్నీ చూసుకునే అధ్యాపకుడు అతాలీఖ్. బడి గంట కొట్టడంతో అతని పని తీరదు, అప్పుడే మొదలవుతుంది. పాఠశాలను నడిపిన అబ్దుల్ గఫార్ ముధోలీ పిల్లలను పుస్తకం ముందు కట్టివేసే పద్ధతికి విరోధి. పిల్లలే నడుపుకునే దుకాణం ఉండేది. పిల్లలే లెక్కలు వ్రాసుకునే బ్యాంకు ఉండేది. ఇంటి నుండి వచ్చిన అణా, బేడా అందులో దాచుకుని, కావలసినప్పుడు సంతకం చేసి తీసుకోవాలి. తోటపని, చేతిపని పాఠంలో భాగాలు. ‘పయామె తాలీమ్’ అనే బాలల పత్రిక 1926 నుండి వెలువడుతున్నది. అక్టోబరులో సంస్థ పుట్టినరోజు వస్తే మేళా జరిగేది. అందులో పిల్లలు చేసిన వస్తువులే కొలువుదీరేవి.

జాకిర్ హుసేన్‌గారిని గూర్చి జామియాలో చెప్పుకునే కథలు రెండు ఇక్కడ చెప్పక తప్పదు. పిల్లలు మట్టి పట్టిన బూట్లతోనే బడికి వస్తున్నారు. శుభ్రం చేసుకోమని నోటీసు పెట్టినా లాభం లేకపోయినది. ఒక ఉదయం ఆయన బ్రష్షు, పాలిషు డబ్బా తీసుకుని గేటు దగ్గర కూర్చుని, వచ్చినవారి బూట్లను తుడవడం మొదలుపెట్టారు. మరునాటి నుండి బూట్లు మెరిసినవి. ఈ కథను ఉపన్యాసాలలో విరివిగా వాడుతారు కాబట్టి దాని పదును కొంత అరిగిపోయినది. రెండవది అరగలేదు. ప్రాథమిక పాఠశాలలో పరీక్షాఫలితాల వేళ ఆయన పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. బంట్రోతు వచ్చి, మూడేళ్ళ కూతురు రెహానాకు జబ్బు ముదిరిందని చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. మళ్ళీ వచ్చి, పాప చనిపోయిందని చెప్పాడు. ముఖం పాలిపోయినది గాని చేయి ఆగలేదు. చివరి పిల్లవాడికి మిఠాయి అందిన తరువాతనే ఇంటికి వెళ్ళారు. ఎందుకిలా చేశారని అడిగితే, పిల్లలు సంతోషంగా ఉన్నారు, చెడగొట్టడం ఎందుకని అన్నారట. ఇందులో త్యాగమున్నదని కొందరు, కాఠిన్యమున్నదని కొందరు అంటారు. ఆమె తల్లి ఏమనుకున్నదో ఎవరూ చెప్పలేదు. ఆ తరువాత ఆయన పిల్లల కోసం కథలు వ్రాసి, రుఖయ్యా రెహానా అనే పేరుతో, అంటే పోయిన కూతురి పేరుతో, అచ్చు వేయించారు. వాటిలో ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ పేరెన్నికగన్నది. ఫ్రెంచి రచయిత అల్ఫోన్స్ దోదే కథ ఛాయలో వ్రాసిన ఆ కథలో తప్పించుకుని కొండకు పోయిన మేక రాత్రంతా తోడేలుతో పోరాడుతుంది. ఆంగ్లప్రభుత్వపు రోజులలో వసతిగృహంలో దీపం చుట్టూ కూర్చున్న పిల్లలకు తోడేలు ఎవరో విడమరచి చెప్పనవసరం లేకపోయి ఉండాలి.

ఇట్టి చోటికి 1933 తొలి రోజులలో ఒక జర్మను స్త్రీ వచ్చి చేరినది. పేరు గెర్డా ఫిలిప్స్‌బోర్న్. 1895లో కీల్ నగరంలో, సంపన్నమైన యూదు కుటుంబంలో పుట్టినది. బెర్లినులో ఆ ముగ్గురు యువకులతో ఆమెకు స్నేహం కుదిరింది. వారప్పుడు చేస్తున్న పనులు కూడా ముచ్చటైనవి. జాకిర్ హుసేన్ బెర్లినులోని కావియానీ ముద్రణాలయంలో తానే అక్షరాలు కూర్చి 1925లో గాలిబు దీవానును అచ్చు వేయించారు. గాంధీజీ భావాలను గూర్చి జర్మను భాషలో ఒక పుస్తకం తేవడంలోనూ ఆయనకు భాగమున్నది. పిల్లల సంరక్షణ గెర్డాకు వృత్తి; బెర్లినులో యూదు బాలల నిలయంలో పనిచేసినది. మిత్రులు చెప్పిన జామియా కథలు విని, 1932 చివర ఓడ ఎక్కినది. ఆ తరువాత కొద్ది వారాలకే, 1933 జనవరి 30న, హిట్లరు అధికారంలోకి వచ్చాడు.

జామియాలో ఆమె చేసిన పని ఒక్కమాటలో చెప్పగూడనిది, చెప్పుకోవడానికి గొప్పగా కనపడనిది. చిన్నపిల్లల విద్యార్థి గృహంలో వారితో పాటు ఉండేది. గోళ్ళు, జుట్టు, పళ్ళు, ప్రక్కబట్టలు చూసేది. ఆటలు నేర్పేది. జబ్బుపడినవాడి దగ్గర రాత్రి మేల్కొని ఉండేది. బాలల పత్రిక పనిలో సాయం చేసేది, చందాలకు తిరిగేది, పరదా చాటున ఉన్న ఇల్లాండ్రతో మాట్లాడి వారిని సంస్థ పనులవైపు తిప్పేది. ఉర్దూ నేర్చుకున్నది. పిల్లలు ఆమెను ఆపా జాన్ అన్నారు. పెద్దలూ అదే పిలుపు అందుకున్నారు.

ఈ పిలుపును తెనుగు చేద్దామని నేను చాలా యత్నించి ఓడిపోయాను. ఆపా అంటే అక్క. జాన్ అంటే ప్రాణం. అక్కయ్యగారు అంటే గౌరవం దక్కుతుంది గాని ప్రాణం జారిపోతుంది. ప్రాణమైన అక్క అంటే అర్థం నిలుస్తుంది గాని పిలుపు చచ్చిపోతుంది. అర్ధరాత్రి జ్వరంతో లేచిన ఏ పిల్లవాడూ అట్లా పిలవడు. కనుక ఆ మాటను ఉన్నది ఉన్నట్టే ఉంచుతున్నాను. ఈ కథ అంతా రెండు పేర్ల నడుమ నలిగిన మనిషి కథ కాబట్టి మొదటి పేరును తప్పుగా అనువదించడం నాకు ఇష్టం లేదు.

రెండవ పేరు ప్రభుత్వం పెట్టినది. 1939 సెప్టెంబరు 3న భారతీయ నాయకులెవరినీ సంప్రదించకుండానే వైస్రాయి లిన్‌లిత్‌గో ఈ దేశం కూడా యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. ఆ ప్రకటనతో ఇక్కడ నివసిస్తున్న జర్మనులందరూ ఎనిమీ ఏలియన్లు అయినారు. మన మాటలో శత్రుదేశీయులు. వారిలో నాజీలు ఉన్నారు, వ్యాపారులు ఉన్నారు, క్రైస్తవ బోధకులు ఉన్నారు, హిట్లరు బారినుండి పారిపోయి వచ్చిన యూదులూ ఉన్నారు. ఎవరు ఎటువంటివారో తేల్చడానికి విచారణలు జరిగినవి, కొందరిని విడిచిపెట్టారు. 1940 వేసవిలో ఫ్రాన్సు కూలిపోగానే భయం పెరిగి, పట్టు మళ్ళీ బిగిసింది. పురుషులను అహమ్మదునగరం, దేవలాలీ, ఆ తరువాత డెహ్రాడూన్ శిబిరాలలో ఉంచారు. స్త్రీలకు, కుటుంబాలకు పురంధర్, సతారా వంటి చోట్ల నిర్బంధ నివాసాలు ఏర్పడినవి. యుద్ధపు ఆ తొలి సంవత్సరాలలోనే ఆపా జాన్‌ను కూడా శత్రుదేశీయురాలిగా నిర్బంధంలోకి తీసుకున్నారు.

ఈ ఘట్టంలోని వైపరీత్యాన్ని ఒక్క క్షణం ఆగి చూడవలసి ఉన్నది. ఆమె యూదు స్త్రీ కాబట్టి జర్మనీ ఆమెకు శత్రువు. ఆమె జర్మను కాబట్టి ఇంగ్లండుకు ఆమె శత్రువు. 1941 నవంబరులో జర్మనీ ఒక శాసనం చేసి, విదేశాలలో నివసిస్తున్న యూదులందరి పౌరసత్వాన్ని ఒక్క కలంపోటుతో రద్దు చేసినది. అంటే ఏ దేశపు మనిషి అని ఆమెను కాపలాలో పెట్టారో ఆ దేశమే ఆమె మా మనిషి కాదన్నది. రెండు సామ్రాజ్యాల కాగితాలలో ఎక్కడా ఆమెకు సరియైన పేరు లేదు. సరియైన పేరు ఉన్నది ఓఖ్లాలో, పదేళ్ళు నిండని పిల్లల నోట. ఆ పిల్లలకు ఆనాడు ఏమని చెప్పారో వ్రాతలో దొరకదు. మూడేళ్ళ కూతురి మరణవార్త నుండి పిల్లల సంతోషాన్ని కాపాడిన జాకిర్ హుసేన్‌గారు ఈ వార్తను ఎట్లా దాచగలిగారు? దాచదగినదని అనుకున్నారా? ఇటావాలో తనకు తెలిసిన యుద్ధం పత్రికలో అచ్చయి రైలులో వచ్చినది. ఈ పిల్లలకు యుద్ధం ఒక ఖాళీ మంచంగా వచ్చినది. నాకు తోచినంతవరకు పిల్లలకు అబద్ధం చెప్పని పాఠశాల ఇటువంటప్పుడు చిక్కులో పడుతుంది. నిజం చెబితే పిల్లవాడు అడుగుతాడు: ఆపా జాన్ శత్రువు ఎట్లా అయినది? ఏ అతాలీఖ్ దగ్గర దానికి జవాబున్నది?

ఇక మిగిలిన యుద్ధం వంటయింటి గుండా వచ్చినది. దేశంలో ధరలు 1939 నాటితో పోలిస్తే 1943 నాటికి రెండింతలు దాటినవి. చందాల మీద బ్రతికే సంస్థకు, జీతం పెంచమని అడగబోమని ప్రమాణం చేసిన ఉపాధ్యాయులకు దీని అర్థం ఏమిటో లెక్క వేయనక్కరలేదు. ప్రభుత్వ సహాయం పుచ్చుకుని ఉంటే కష్టం తగ్గేది, పుచ్చుకోలేదు. జామియా పట్టాలకు ప్రభుత్వం దృష్టిలో విలువ లేదు. మరొక ప్రక్క ఢిల్లీ నగరమే ఒక పెద్ద యుద్ధ కచేరీగా మారిపోయినది. కొత్త కార్యాలయాలు, వాటికి గుమాస్తాలు, కనాట్ ప్లేసులో అమెరికా సైనికులు. 1943లో ఆగ్నేయాసియా యుద్ధమండలపు ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే వెలిసింది. పట్టా ఉన్న కుర్రవాడు కోరిన ఉద్యోగం దొరుకుతున్న ఆ నగరంలో, విలువ లేని పట్టా ఇచ్చే బడికి తల్లిదండ్రులు పిల్లలను పంపుతూనే ఉన్నారు. ఈ విషయం నన్ను ఆశ్చర్యపరిచినంతగా పెద్ద నాయకుల త్యాగాలు కూడా ఆశ్చర్యపరచలేదు.

కాగితం కరవు సంగతి రచయితలకు వేరే చెప్పనక్కరలేదు. యుద్ధకాలంలో కాగితం మీద నియంత్రణ వచ్చి తెలుగు పత్రికలు ఎట్లా చిక్కిపోయినవో పాత సంచికలు తిరగవేస్తే కనపడుతుంది. జామియాకు ముద్రణ ఒక అలంకారం కాదు. మక్తబా జామియా అనే ప్రచురణసంస్థ దాని ఊపిరి. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ మొదట అచ్చయినది ‘జామియా’ పత్రికలో, 1935 డిసెంబరులో. ఆబిద్ హుసేన్ గోథే ‘ఫౌస్టు’ను ఉర్దూలోకి తెచ్చారు, గాంధీజీ ఆత్మకథను తెచ్చారు. 1956లో కేంద్ర సాహిత్య అకాడమీ ఉర్దూ బహుమానం ఆయనకే దక్కినది. జాకిర్ హుసేన్ ప్లేటో ‘రిపబ్లిక్’ను అనువదించారు. యుద్ధం రాగానే గోథే భాష శత్రుభాష అయినది. ఆ భాషలో చదువుకుని, ఆ భాషనుండి తెచ్చుకుని, ఆ భాషలోనే స్నేహం చేసిన అధ్యాపకులు హిట్లరును ద్వేషిస్తూనే గోథేను వదులుకోకుండా ఉండవలసి వచ్చినది. బెర్లినునే ప్రపంచమనుకున్న తమ యౌవనం తగలబడుతున్నదని వారికి తెలుసు. ఇటు, తమ దేశాన్ని ఏలుతున్నవాడి గెలుపునూ మనసారా కోరుకోలేరు. 1942 ఆగస్టు నాటి ఉద్యమంలో జామియా ఒక సంస్థగా దిగలేదు. ఇందుకు దానిని తప్పుపట్టినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వసతిగృహంలో పసిపిల్లలను పెట్టుకున్నవాడు ధర్మపన్నాలు ఒక విధంగా చదువుతాడు, వీధిలో నిలబడ్డవాడు ఒక విధంగా చదువుతాడు. ఇద్దరిలో ఎవరినీ పిరికివారనడానికి నాకు మనసొప్పదు. జామియా ఆ సంవత్సరాలలో తన పనినే చేసుకుపోయినది. 1938లో మొదలైన ఉపాధ్యాయ శిక్షణాలయం నడిచినది. 1941 ఏప్రిల్‌లో మౌలిక విద్యా మహాసభ ఓఖ్లాలోనే జరిగినది. వార్ధా పథకం ప్రకారం పిల్లలు రాట్నం వడుకుతూ లెక్కలు నేర్చుకోవాలన్న చర్చ అక్కడ సాగుతుండగా ఐరోపాలో యుగోస్లావియా, గ్రీసు కూలిపోతున్నవి.

ఆపా జాన్ నిర్బంధంనుండి విడుదలై జామియాకే తిరిగి వచ్చినది. ఎక్కడికి పోగలదు? కాని ఆరోగ్యం చెడిపోయినది. రోగం క్యాన్సరుగా తేలింది. 1943 ఏప్రిల్ 14న ఢిల్లీలో కన్నుమూసింది. నలభై ఎనిమిదేళ్ళు నిండటానికి కొన్ని రోజులు తక్కువ. ఓఖ్లాలోని జామియా శ్మశానవాటికలో, సహోద్యోగుల నడుమ సమాధి కట్టారు.

ఇక్కడ నాకు మరొక విద్యార్థి గృహం గుర్తుకు వస్తుంది. పోలండు రాజధాని వార్సాలో యాన్యుష్ కోర్చాక్ అనే వైద్యుడు, బాలల రచయిత, యూదు అనాథ బాలల నిలయాన్ని నడిపేవాడు. జర్మను సైన్యం ఆ పిల్లలను కూడా యూదుల వాడలోకి త్రోసి గోడ కట్టినది. 1942 జులైలో ఆయన పిల్లలచేత రవీంద్రనాథుని ‘డాకఘర్’ నాటకం ఆడించాడు. కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి ఉత్తరానికి ఎదురుచూస్తూ చనిపోయే అమలుడి కథ తెలుగువారికి కొత్త కాదు. ఆ ప్రదర్శన జరిగిన కొద్ది వారాలకు, ఆగస్టులో, దాదాపు రెండువందలమంది పిల్లలతో పాటు ఆయనను ట్రెబ్లింకా శిబిరానికి తరలించి చంపివేశారు. తప్పించుకునే అవకాశాలు వచ్చినా పిల్లలను విడిచిపెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. గెర్డా ఫిలిప్స్‌బోర్న్ మరణించిన అయిదవ రోజున, 1943 ఏప్రిల్ 19న, ఆ వార్సా వాడలోనే మిగిలినవారు ఆయుధాలు పట్టి తిరగబడ్డారు. ఇరువురిదీ ఒకటే వృత్తి. 1932లో ఓడ ఎక్కకపోయి ఉంటే ఆమె అంతం ఎక్కడ ఉండేదో ఊహించుకోవచ్చు. జామియాలో ఆమె పోయినది రోగంతో, ప్రక్కన మనుషులున్నారు, పిలవడానికి పేరున్నది. ఆ సంవత్సరాలలో ఆమె జాతివారిలో లక్షలమందికి అంతమాత్రం దక్కలేదు.

కాని దీనిని చూపి మన దేశపు ఔదార్యాన్ని పొగడుకునే ఉపన్యాసాలంటే నాకు చిరాకు. ఆమెను నిర్బంధించినది ఈ గడ్డమీదనే. జామియాలో ఆమెను గూర్చి మాట్లాడేటప్పుడు మాటిమాటికీ త్యాగమూర్తి అంటారు. మూర్తి అనగానే మనిషి రాయి అయిపోతుంది. తడిసిన ప్రక్కబట్టలు మార్చిన మనిషి, చెప్పిన మాట వినని పిల్లవాడిమీద కోపగించుకుని ఉండే మనిషి ఆ మాటలో మిగలదు.

యుద్ధం 1945లో ముగిసిందని చరిత్రకారులు వ్రాస్తారు. ఢిల్లీ పిల్లలకు ముగియలేదు. 1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగినది. కలకత్తాలో, నౌఖాలీలో, బీహారులో నెత్తురు ఇంకా ఆరలేదు. ఒకే వేదికమీద నెహ్రూ, ఆజాద్ ఒక ప్రక్క, జిన్నా మరొక ప్రక్క కూర్చున్న ఆ సభలో జాకిర్ హుసేన్ తన పాఠశాల గొప్పలు చెప్పుకోలేదు. దేశంలో అంటుకున్న ద్వేషాగ్నిని మీరే ఆర్పాలని, మంటల నడుమ పిల్లలను పెంచడం ఉపాధ్యాయుల వల్ల కాదని నాయకులను వేడుకున్నారు. ఏడాది తిరగకముందే, 1947 ఆగస్టులో, కాశ్మీరుకు పోతున్న ఆయనకే జలంధర్ స్టేషనులో ప్రాణాపాయం వచ్చినది; ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి కాపాడారు. సెప్టెంబరులో ఢిల్లీ తగలబడింది. కరోల్‌బాగ్‌లోని జామియా ఆస్తి లూటీ అయినది. మక్తబా పుస్తకాలు కాలి బూడిద అయినవి. యుద్ధకాలంలో కాగితం ఆకు ఆకుగా కూడబెట్టి అచ్చు వేసుకున్నవీ అందులో ఉండి ఉంటాయి. ఓఖ్లా చుట్టుపట్ల గ్రామాలనుండి ప్రాణభయంతో వచ్చినవారు జామియాలో తలదాచుకున్నారు. అధ్యాపకులు, విద్యార్థులు రాత్రులు కాపలా కాశారు. ఢిల్లీ చేరిన తొలి రోజులలోనే గాంధీజీ అక్కడికి వచ్చి వారి మధ్య కూర్చున్నారు. ఆ తరువాత పురానా ఖిల్లా, హుమాయూన్ సమాధి శిబిరాలలో జామియావారు పనిచేశారు. వేలకొలది నిరాశ్రయుల నడుమ పిల్లలను పోగు చేసి ఆడించారు, చదువు చెప్పారు. శిబిరాల నాటి దృశ్యాలు అనీస్ కిద్వాయీగారి ‘ఆజాదీ కీ ఛాఁవ్ మేఁ’లో ఉన్నవి, తెలుగు పాఠకులకు చదవదగిన పుస్తకం. ఆపా జాన్ దగ్గర పెరిగిన పిల్లలు అప్పటికి మీసాలు వచ్చిన యువకులు. గుక్కపట్టి ఏడుస్తున్న పరాయి పిల్లవాడిని ఏ విధంగా ఊరుకోబెట్టాలో వారిలో కొందరికైనా ఆమెను చూసి అబ్బి ఉండాలి.

జాకిర్ హుసేన్‌గారు 1948లో జామియా విడిచి అలీగఢ్ వెళ్ళారు. 1967లో రాష్ట్రపతి అయినారు. 1969 మే 3న మరణించగా ఓఖ్లాకే తిరిగి చేరారు. ఆయన సమాధికి ప్రముఖులు పూలు తెస్తారు. జామియా శ్మశానవాటికకు అంతగా ఎవరూ రారు. ఉర్దూ నవలా రచయిత్రి ఖుర్రతుల్ ఐన్ హైదర్ 2007లో అక్కడికే చేరినది కాబట్టి ఎప్పుడైనా సాహితీపరులు వెతుక్కుంటూ వస్తారు. నేనూ ఆమె కోసమే మొదట వెళ్ళాను. గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే పేరు కంటబడితే ఇక్కడ ఈ జర్మను పేరేమిటని వెంట ఉన్న ఉర్దూ మిత్రుణ్ణి అడిగాను. ఆయన ఆ పేరు పలకలేదు. ఆపా జాన్ అన్నాడు.

జామియా ఆవరణలో నేడు ఆమె పేరిట ఆడపిల్లల వసతిగృహం ఒకటి ఉన్నది. ఉద్యోగానికి వెళ్ళే తల్లులు పసిపిల్లలను విడిచి వెళ్ళే శిశుసంరక్షణ కేంద్రం మరొకటి ఉన్నది. ప్రొద్దున తొమ్మిది గంటల వేళ ఆ వాకిట్లో పిల్లలు ఏడుస్తూ లోపలికి వెళతారు. సాయంకాలం తల్లి వచ్చి పిలిస్తే కొందరు బయటికి రామంటారు.